కుక్కను నడుముకు కట్టుకున్న అవ్వ

ఆర్మూరు పసుపు యార్డులో నా అంత అగ్గువకు కుక్కను కొన్నవాడు ఇంకొకడు లేడు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఎనభైల చివర, సీజన్ మంచి జోరులో ఉండగా, నాగపూర్ వైపు నుంచి పసుపు బస్తాలకు వచ్చిన ఒక లారీ డ్రైవరు దాన్ని క్యాబిన్‌లో పక్కన కూర్చోబెట్టుకొని తెచ్చాడు. సగం జాతి కుక్క, సగం ఊరకుక్క. చెవులు మాత్రం రెండూ జాతివే, నిటారుగా నిలబడేవి. అతను మొదట చెప్పిన ధర విని నవ్వాను. రెండోసారి చెప్పింది విని లేచి లోపలికి పోయాను. మూడోసారి అతనే నా వెనక లోపలికి వచ్చాడు. ఒక సంచి విరుగు పసుపుకూ రెండు పూటల భోజనానికీ బేరం తెగింది. తెగిన తరువాత, "గొలుసు లేకుంట కుక్కను ఎవరన్న అమ్ముతరా?" అన్నాను. తల కొట్టుకుంటూ గొలుసు ఇచ్చాడు. మరునాడు పొద్దున్నే ఆ గొలుసును ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ అతనికి అమ్మేశాను, బల్లలు కట్టుకోవడానికి. అంటే కుక్క నాకు దాదాపు ఉత్తగానే పడింది.

మా బాపు గల్లా దగ్గర కూర్చొని అంతా చూశాడు.

"గొలుసు అమ్ముకుంటివి. కుక్కను దేనితోని కడ్తవురా?"

"కట్టేస్తే కావలి ఎట్ల కాస్తది బాపు?"

"లారోడు గింత దూరం మోసుకొచ్చి గీడనే ఎందుకు ఒదిలించుకున్నడో అడిగినవా?"

"అడిగితే ధర పెంచుతడు."

బాపు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా తెలివిని చూసి మురిసిపోయాడని ఆ రోజు అనుకున్నాను.

కుక్కకు టైగర్ అని పేరు పెట్టి యార్డులో వదిలాను. మాది అడ్తి దుకాణం. రైతు తెచ్చిన పసుపును కొనేవాళ్ళకు అమ్మిపెట్టడం మా పని. యార్డు మాత్రం మాది కాదు, ఏ ఒక్కరిదీ కాదు. భీమ్‌గల్ గుట్టల దగ్గరి నుంచి, ఇటు మాక్లూర్ నుంచి రైతులు బండ్ల మీద పసుపు తెచ్చి కుప్ప పోసుకునేవారు. అమ్ముడుపోయేదాకా ఆ కుప్ప పక్కనే వండుకొని, తిని, అక్కడే పడుకునేవారు. వాళ్ళ పిల్లలు కుప్పల సందుల్లో ఆడుకునేవారు. హమాలీలు బస్తాల నీడన నడుం వాల్చేవారు. అంతమంది బతికే చోట నా కుక్క తన ఇష్టం వచ్చినట్టు తిరిగేది. ఎవరి గిన్నెలో మూతి పెట్టినా, ఎవరి కుప్ప మీద కాలెత్తినా, ఒకసారి ఒక హమాలీ మడమ పట్టుకున్నా, నేను గద్దె మీద నుంచి దిగకుండానే ఒక మాట అనేవాణ్ణి: "ఏమనది, పో. నువ్వు ఉరికితే అది ఉరుకుతది."

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల మా కాలనీ పార్కులో ఒకాయన తన కుక్కను వదిలేసి ఫోన్లో మాట్లాడుకుంటున్నాడు. అది పోయి ఒక పెద్దామె చీర కుచ్చిళ్ళు వాసన చూస్తోంది. ఆమె చేతికర్రను గుండెకు అదుముకొని బిగుసుకుపోయింది. ఆయన తల తిప్పకుండానే, "ఏమనదమ్మా, పోండి" అన్నాడు. అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాను. ఆ మాట నాది. ముప్పై ఏళ్ళ తరువాత ఇంకొకడి నోట విన్నాను. దాంతో పాటే యార్డు ఊడ్చే అవ్వ కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది.

ఆమెకు పేరు ఉండే ఉంటుంది. మేమెవరమూ అడగలేదు. కాంటా మీద తూకం అయిపోయిన కుప్పల కింద మిగిలే ముక్కలూ దుమ్మూ ఊడ్చి, చాటతో చెరిగి, ఆ ముక్కలు తాను తీసుకునేది. అదే ఆమె కూలి. సన్నగా, వంగిన కొడవలిలా ఉండేది. చేతులు మోచేతుల దాకా పసుపే. నడుముకు ఒక సుతిలి తాడు, చిరిగిన గోనె సంచుల పోగులు పేని తానే అల్లుకున్నది. ఆ తాడు రెండో కొసన ఒక కుక్క. నలుపూ తెలుపూ మచ్చలున్న మామూలు ఊరకుక్క. చిట్టి అని పిలిచేది. ఆమె వంగి ఊడుస్తుంటే అది రెండడుగుల దూరంలో పడుకొని ఉండేది. ఆమె ముందుకు జరిగితే లేచి, రెండడుగులు నడిచి, మళ్ళీ పడుకునేది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా యార్డంతా అలా ఇద్దరూ కలిసి ఊడ్చేవారు.

హమాలీలకు అదొక వేడుక. "అవ్వా, కుక్కను నువ్వు కట్టేసినవా, అది నిన్ను కట్టేసిందా?"

"మా ఇద్దరిల ఎవరు ముందుగాల కరుస్తరో తెల్వక గిట్ల కట్టేస్కున్నంరా" అనేది చీపురు ఆపకుండానే.

చీపురూ చాటా కాక ఆమె దగ్గర మూడో వస్తువు ఒకటి ఉండేది, చాయ్ హోటల్ పొయ్యి నుంచి తెచ్చుకున్న బూడిద నిండిన నూనె డబ్బా. చిట్టి ఎక్కడైనా పాడు చేస్తే వెంటనే గుప్పెడు బూడిద చల్లి, రేకు ముక్కతో ఎత్తి, గోడ అవతల గుంతలో వేసి, మళ్ళీ ఆ చోట చీపురుతో రెండుసార్లు ఊడ్చేది. ఎద్దులు పేడ వేసే యార్డులో, మనుషులే గోడలు తడిపే యార్డులో, ఒక కుక్క చేసినదాన్ని ఆమె అంత శ్రద్ధగా ఎత్తడం చూసి నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. "అవ్వా, నీ కుక్కకు మునిసిపాలిటీ పెట్టినవా?" అంటే, "గీడ రైతు బిడ్డలు అన్నం తింటరు సేటు" అనేది. అంతే.

అంగడి రోజు బజారులో నడిచేటప్పుడు ఆమె మురుగు పారే మోరీ పక్కన నడిచేది. కుక్కను తనకూ మోరీకీ మధ్యన ఉంచుకునేది, జనం వైపు రాకుండా. ఎదురుగా ఎవరైనా చిన్నపిల్లను ఎత్తుకొని వస్తే తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకొని, వాళ్ళు దాటిపోయేదాకా ఆగేది. పిల్లలు చిట్టిని ముట్టుకుంటామని వెంటపడితే, "జర ఆగుండ్రి. ముందుగాల దాన్ని అడగాలె" అని కింద కూర్చొని, ఒక చేత్తో దాని మూతి పట్టుకొని, "ఇగ వీపు మీద నిమురు, తోక దిక్కు పోకు" అనేది. అది కరవదని ఆమెకు తెలుసు. అయినా మూతి పట్టుకునేది. అదెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. తన నమ్మకం తనకు సరిపోతుంది, ఎదుటి బిడ్డకు సరిపోదు అని ఆమె లెక్క.

ఏటా ఒకసారి, ఎద్దులూ బర్రెలూ నిలబడ్డ వరసలో, చిట్టిని పట్టుకొని పశువుల దవాఖాన ముందు నిలబడేది. సూది వేయించుకొని, డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తంబాకు డబ్బాలో దాచుకునేది. చదువు రాదు. కానీ ఆ కాగితం ఏ ఏడాదిదో మడత పాతదనాన్ని బట్టి చెప్పేది.

టైగర్ వచ్చినప్పటి నుంచి ఆమె నన్నొక ప్రశ్న పట్టుకుంది.

"సేటూ, సూది ఇప్పిచ్చినవా?"

"ఇప్పిస్తలే అవ్వ. సీజన్ అయిపోనీ."

వారం తిరిగేసరికి మళ్ళీ అదే. నేను బేరానికి దిగేవాణ్ణి. "నీ చిట్టికి ఏసేదాంట్ల సగం మా టైగర్‌కు ఏపియ్యరాదు?"

"సగం సూది ఏస్తే సగం కుక్కకే పనిజేస్తది సేటు. ముంగటి సగం కరుస్తది."

దుకాణంలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆమె నవ్వలేదు. టైగర్ వైపు చూసి, "నీ కుక్క మంచిదే. నువ్వే జర ఊరి మీద ఇడిసిపెట్టినట్టున్నవు" అని చీపురు తీసుకొని పోయింది.

అప్పట్లో పెద్ద బేరాలు రుమాలు కింద జరిగేవి. కొనేవాడూ అమ్మిపెట్టేవాడూ చేతులు కలిపి, పైన రుమాలు కప్పి, వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకునేవారు. పట్టిన వేళ్ళు పెరిగితే ధర పెరిగినట్టు, నోటితో ఒక్క మాట ఉండదు. చేయి బయటికి తీస్తే బేరం ముగిసినట్టే, ఒప్పుకున్నట్టో చెడినట్టో. మధ్యలో చేయి తీయడమన్నది మా వాళ్ళలో లేదు. మా బాపు ఒకసారి తేలు కుట్టినా తీయలేదని మా ఇంట్లో కథగా చెప్పుకునేవారు.

ఆ రోజు నా చేయి రుమాలు కింద ఉంది. భీమ్‌గల్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు పసుపు అది. రైతూ, చంటిపిల్లాడిని ఒళ్ళో వేసుకున్న భార్యా, ఆరేళ్ళ కూతురూ కుప్ప దగ్గరే రెండు రోజులుగా ఉన్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. కొనేవాడు నా మూడు వేళ్ళు పట్టుకున్నాడు. నేను నాలుగోది కోసం అతని అరచేతిని నొక్కుతున్నాను.

అప్పుడు ఆ అరుపు వినపడింది.

చిన్నపిల్ల అరుపు. దాని వెనకే టైగర్ గొంతు. రెండూ నాకు తెలిశాయి. ఏమైందో చూడకుండానే తెలిసింది. తల తిప్పాను, కానీ చేయి తీయలేదు. జనం ఉరుకుతున్నారు. తల్లి పిల్లను పేరు పెట్టి పిలుస్తోంది. నా మూడు వేళ్ళు అతని పట్టులో ఉన్నాయి, నాలుగోదీ పట్టుకునేటట్టున్నాడు. ఎంతసేపు? పది ఊపిర్లు ఉంటాయేమో. నాలుగో వేలూ పట్టుకున్నాడు. అప్పుడు చేయి తీశాను.

ఈ సంగతి రాయడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. రాశాక కూడా, ఇది నేనే చేశానా అని చూస్తున్నాను.

నేను పోయేసరికి అవ్వ టైగర్ తల మీద గోనె సంచి వేసి, దాని మెడ మీద మోకాళ్ళు పెట్టి కూర్చొని ఉంది. నడుముకున్న తాడు కొసన చిట్టి బిక్కచచ్చి నేలకు కరుచుకుపోయింది. నలుగురు హమాలీలు వచ్చి టైగర్‌ను సంచితో సహా ఈడ్చుకుపోయి, మా ఖాళీ గోదాములో వేసి తాళం పెట్టారు. పిల్ల పిక్క మీద నాలుగు పళ్ళ గాట్లు. తండ్రి ఆ కాలును రెండు చేతులా పట్టుకొని నా వైపు చూశాడు. నేను అతనితో అన్న మొదటి మాట, "పటేలా, నీ పసుపుకు మంచి ధర తెచ్చిన."

అతను మళ్ళీ పిల్ల కాలు వైపు తిరిగాడు. కోపగించుకోలేదు కూడా. నేను చెప్పినదేమిటో అతనికి ఎక్కనట్టుంది.

తరువాత నేను చేసింది పసుపు వ్యాపారులం మాత్రమే చేయగలిగిన పని. దుకాణంలోకి ఉరికి, వచ్చేపోయే పెద్ద బేరగాళ్ళకు చూపడానికి పెట్టుకున్న మేలురకం పొడి దోసెడు తెచ్చాను. వేలు తెగినా, పన్ను సలిపినా, బిడ్డ పుట్టినా, మాకు అన్నిటికీ అదే. చుట్టూ ఉన్న దుకాణదారులంతా, "పెట్టు, పెట్టు, గట్టిగ అద్దు. జరంత కారం గూడ కలుపు" అంటున్నారు. నేను వంగేసరికి అవ్వ నా మణికట్టు మీద చీపురు పిడితో కొట్టింది. పసుపంతా నా చొక్కా మీద పడింది.

"పక్కకు జరుగు సేటు."

పిల్లను ఎత్తుకొని నల్లా దగ్గరికి పోయింది. బట్టల సబ్బు తెమ్మంది. ధార కింద ఆ కాలు పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. పిల్ల ఏడుస్తోంది, తల్లి ఏడుస్తోంది. ఆమె మాత్రం రుద్దుతూనే ఉంది, నురగ, నీళ్ళు, మళ్ళీ నురగ. "చాలు తీయవ్వ, తోలు ఊడుతది" అని ఎవరో అన్నారు. తల ఎత్తకుండానే చెప్పింది: "మా తమ్మునికి గూడ పసుపే పెట్టిండ్రు. గాయం మంచిగ మానింది. రెండు నెల్లకు నీళ్ళ చెంబు చూసి మొత్తుకుంటనే పోయిండు."

చాలన్నవాడే వంగి నల్లాను ఇంకా పెద్దగా తిప్పాడు.

అప్పుడు నన్ను అడిగింది, అదే పాత ప్రశ్న. "సేటూ, సూది ఇప్పిచ్చినవా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. రైతు, రైతు భార్య, కొనేవాడు, ఇరుగు పొరుగు దుకాణాలవాళ్ళు, గద్దె దిగి వచ్చిన మా బాపు.

"ఇప్పిచ్చిన" అన్నాను.

"కాయితం?"

"ఇంట్ల ఉన్నది."

ఆమె నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది. పిల్ల కాలును తన కొంగుతో తుడిచి, "సరే" అంది. తండ్రితో, "నడువు పటేలా, నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోదాం" అంది. చిట్టిని విప్పి మా దుకాణం ముందు కాంటా స్తంభానికి కట్టి, బస్సెక్కింది.

పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చారు. ఆమె తిన్నగా మా దుకాణానికి వచ్చి మెట్టు కింద నిలబడింది. నేను కాగితం గురించి కొత్త అబద్ధం ఒకటి సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆమె అడగలేదు.

"డాక్టర్ సాబు అడిగిండు, కుక్కకు సూది ఉన్నదా అని. ఉంటే కుక్కను కట్టేసి పది దినాలు చూద్దమంటుండె. లేదని చెప్పిన. బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు రాసిండు. ఇయ్యాల ఒకటి అయింది."

"నేను ఇప్పిచ్చిన అంటి గద అవ్వ?"

"నువ్వు అంటివి" అంది. "ఇప్పిచ్చి ఉంటే నేను అబద్ధమాడినట్టు. గా పాపం నాకే రానీ."

చిట్టిని విప్పుకొని పోయింది. మా బాపు గల్లా మూసి, నన్ను దాటుకొని ఒక్కడే ఇంటికి పోయాడు.

రైతు పసుపు కాంటా అయ్యాక ఊరికి పోయాడు, అక్కడ ఇంకా ఉడకబెట్టాల్సిన పసుపు ఉంది. భార్య, పిల్లలు అవ్వ గుడిసెలో ఉండిపోయారు. చంటివాడితో ఆ ఎండలో రోజూ బస్సు ప్రయాణం తల్లి వల్ల కాదని, అవ్వే పిల్లను వెంటబెట్టుకొని పోయేది. బస్సులో కుక్కను ఎక్కనివ్వరు. ప్రతి పొద్దునా చిట్టిని మా స్తంభానికి కట్టి, నీళ్ళ చిప్ప పెట్టి, "జర చూస్తుండు సేటు. నీ దుకాణం ముంగట అయితే నాకు ఫికరుండది" అనేది. మధ్యాహ్నం బస్సుకు వచ్చి విప్పుకొని, ఆ తరువాత ఊడ్చేది. ఆమె కూలి సగానికి పడింది. దాని గురించి ఆమె మాట్లాడలేదు. నేను అడగలేదు.

గోదాము కిటికీ సందులోంచి టైగర్‌కు అన్నం, నీళ్ళు తోసేవాణ్ణి. నాలుగు రోజులు బాగానే తింది. ఐదో రోజు గిన్నె ముందు నిలబడి నీళ్ళను చూస్తోంది, తాగడం లేదు. ఆరో రోజు కింది దవడ వేలాడింది, నోట్లోంచి తీగలా చొంగ. నన్ను చూసి మొరిగింది. అది టైగర్ గొంతు కాదు. ఎవరో మనిషి పూడుకుపోయిన గొంతుతో పిలిచినట్టుంది. కిటికీ రెక్క మూసి, అక్కడే బస్తా మీద కూర్చున్నాను. ఎనిమిదో రోజు పొద్దున్నే చచ్చిపోయి ఉంది. పశువుల డాక్టరు వచ్చి, దూరం నుంచి చూసి, అంతా అడిగి తెలుసుకున్నాడు.

"గదే రోగం. ఆ పిల్లకు సూదులు షురూ అయినయా?"

"ఎనిమిదోది ఇయ్యాల సార్."

"మొదటి దినం నుంచా? ఎవరు తోలుకపోయిండ్రు?"

"యార్డు ఊడ్చే అవ్వ."

"పోయి ఆమె కాళ్ళు మొక్కు" అన్నాడు. చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు.

నేను పోయి కాళ్ళు మొక్కలేదు. నేను చేసింది ఇది. ఆ సాయంత్రం వ్యాపారులంతా కాంటా షెడ్డులో కూడారు. యార్డులో పిచ్చికుక్క అన్న మాట ఊళ్ళకు పాకితే రైతులు బండ్లు వేరే మార్కెట్టుకు తిప్పుతారని భయం. నన్ను తిట్టడానికి నోళ్ళు తెరుచుకుంటున్నాయి. చిన్నప్పటి నుంచి బేరాల్లో పెరిగినవాణ్ణి, ఎదుటివాడు ధర చెప్పకముందే మాట మలపడం నాకు తెలుసు. లేచి నిలబడి, "ఇది ఒక్క కుక్క సంగతి కాదు. యార్డుల కుక్క అన్నదే ఉండొద్దు. అన్నిటినీ ఏరేద్దాం. ఖర్చు నేను పెట్టుకుంట" అన్నాను. తప్పు నా కుక్కది కాదు, కుక్కలది అయిపోవాలి. అంతే నా ఎత్తు. అందరూ సరే అన్నారు. బయటికి వస్తుంటే ఒకరిద్దరు నా భుజం తట్టారు కూడా.

మరునాడు పొద్దున అవ్వ చిట్టిని స్తంభానికి కట్టి, నీళ్ళు పెట్టి, ఎప్పటిలాగే నాకు ఒప్పగించి, పిల్ల చేయి పట్టుకొని పోయింది. రాత్రి మేం చేసిన తీర్మానం ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు.

గంట తరువాత కట్టెలు పట్టుకొని ఇద్దరు వచ్చారు. వాళ్ళను చూడగానే యార్డులోని కుక్కలన్నీ గోడ దూకి గుట్ట వైపు రాళ్ళలోకి ఉరికాయి. ఎవరివీ కానివి, అందరి గిన్నెల్లో మూతి పెట్టేవి, ఏనాడూ సూది ఎరగనివి, ఒక్కటీ దొరకలేదు. దొరికింది కట్టేసి ఉన్నది ఒక్కటే.

నేను గద్దె మీదనే ఉన్నాను. పది అడుగులు. "దానికి సూది ఉన్నది, దాని జోలికి పోకుండ్రి" అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. పక్క దుకాణాల వాళ్ళు చూస్తున్నారు. దానికి సూది ఉందంటే, దేనికి లేదో అందరి ముందూ నేనే చెప్పినట్టవుతుంది. లేచి లోపలికి పోయి, బస్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు దాకా లెక్కపెట్టాను. చిట్టి మొరగలేదు. వచ్చినవాళ్ళను చూసి తోక ఊపిందని తరువాత హమాలీ ఒకడు చెప్పాడు.

మధ్యాహ్నం బస్సుకు ఆమె వచ్చింది. దూరం నుంచే స్తంభం వైపు చూసి ఆగింది. పిల్ల ముఖాన్ని తన కడుపులోకి తిప్పుకొని, "మీ అమ్మ దగ్గరికి పో బిడ్డ, అన్నం తిను" అని గుడిసె వైపు పంపించింది. తరువాత నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు లేవా సేటు?"

"లోపల ఉన్న."

తల ఊపింది. అంతే. స్తంభం దగ్గరికి పోయింది. ముడి విప్పింది. ఒక గోనె సంచిలో దాన్ని చుట్టి, పలుగు తెచ్చుకొని, గోడ అవతల తానే తవ్వుకుంది. హమాలీలు సాయం పోతే వద్దంది. తిరిగి వచ్చి, నూనె డబ్బా తెచ్చి, స్తంభం కింద రక్తం మీద గుప్పెడు గుప్పెడు బూడిద చల్లి, రేకుతో ఎత్తి, ఆ చోటును రెండుసార్లు ఊడ్చింది. ఎవరి కుప్పా ఇంకా పడలేదు అక్కడ. సాయంత్రానికి ఎవరో రైతు వచ్చి పోసుకుంటాడని.

పొద్దుగూకుతుంటే ఆమె గుడిసెకు పోయాను. జీవితంలో మొదటిసారి బేరమాడకుండా మాట్లాడాను. "అవ్వా, ఏం అడుగుతవో అడుగు. ఎంతంటే అంత."

పొయ్యి దగ్గర కూర్చొని ఉంది. పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకొని పడుకుంది.

"పిల్లకు ఇంక ఐదు సూదులున్నయి" అంది. "రేపటి సంది నువ్వు తోలుకపో. పైసలతోని మనిషిని పెట్టకు, నువ్వే పో. సూది గుచ్చేటప్పుడు చెయ్యి పట్టుకోవాలె, లేకుంటె బెదురుతది. నేను పనికి పోత."

ఇంకేమీ అడగలేదు.

పోయాను. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దవాఖానలో వరసలో నిలబడ్డాను. బొడ్డు పక్కన సూది దిగుతుంటే ఆ పిల్ల నా చూపుడు వేలిని పిడికిట్లో బిగించి పట్టుకునేది. ధర చెప్పడానికి తప్ప నా వేలును ఇంకొకరు పట్టుకోవడం నాకు అలవాటు లేదు. మూడో రోజు తిరుగు బస్సులో, మాక్లూర్ దాటాక, అడిగింది: "సేటూ, చిట్టి ఏం జేసింది?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆర్మూరు వచ్చేదాకా అలాగే చూశాను.

పద్నాలుగు సూదులూ పూర్తయ్యాయి. పిల్ల బతికింది. మరుసటి సీజన్‌లో తండ్రి వెంట వచ్చి కుప్పల మధ్య ఆడింది, అవ్వ చీపురు లాక్కొని ఊడ్చింది. ఆ రైతు మాత్రం పసుపును ఇంకో దుకాణంలో దింపాడు. అవ్వ మళ్ళీ కుక్కను సాకలేదు. తొంభైల మధ్యలో ఎప్పుడో యార్డుకు రావడం మానేసింది. నవీపేట్‌లో చుట్టాల దగ్గర ఉందన్నారు, తరువాత పోయిందన్నారు. నేను పోయి అడగలేదు.

ఇక లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. ఆమె అడిగింది ఐదు రోజులు. నేను పోయింది మూడు. నాలుగో రోజు లారీ లోడింగ్ ఉందని మా గుమాస్తాను పంపాను. ఐదో రోజు నాకు ఏ పనీ లేదు. అయినా గుమాస్తానే పంపాను.